కంప్యూటరు గోల్ఫులో కల్పిత సముద్రతీరం

లేని ఊరిని వర్ణించేవానికి తప్పు పట్టేవారు ఉండరని సామాన్యంగా అనుకుంటారు. ఉన్న ఊరి సంగతి తప్పుగా చెబితే ఆ ఊరివారు ఆక్షేపిస్తారు. లేని ఊరికి ఊరివారే లేరు గదా! ఈ వాదం కథలకు కొంతవరకు చెల్లవచ్చు. నేలను, నీటిని, గాలిని లెక్కలతో నిర్మించి తెరమీద చూపించే కంప్యూటరు ఆటలకు మాత్రం చెల్లదు. అక్కడ కల్పితమైనది ఊరే గాని ప్రకృతి నియమాలు కావు. ఇసుక జారే వాలు, గాలి నెట్టే బలం, బంతి పడే వేగం కల్పిత దేశంలోనూ మారవు.

ఈ సంగతిని పరీక్షించడానికి కంప్యూటరు గోల్ఫు మంచి ఉదాహరణ. ఈ ఆటలలో కొన్నింటితో పాటు, మైదానాన్ని ఆటగాడే రూపొందించుకొనే సాధనం కూడా లభిస్తున్నది. దానితో సముద్రపు ఒడ్డున ఒక ఊహా మైదానాన్ని నిర్మించవచ్చు. అట్టి మైదానాన్ని చిత్రపటం వలె చూసి, అందంగా ఉన్నదనో లేదనో చెప్పి ఊరుకుంటే విమర్శ సగమే అవుతుంది. ఆ తీరం అట్లా ఎందుకు ఉన్నది అని అడగడం మిగిలిన సగం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ఏ ఒక్కదానికీ సముద్రతీరం లేదు. ఇక్కడి పాఠశాలల బాలబాలికలలో అనేకులు సముద్రాన్ని మొదట చూసేది తెరమీదనే. ఆ తెర చూపే తీరం అబద్ధమైతే, పాఠ్యపుస్తకంలోని తీరం కంటే అదే వారి మనస్సులో గట్టిగా నాటుకొంటుంది. కాబట్టి ఇది కేవలం వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు.

నేలే ప్రత్యర్థి

గోల్ఫు నియమాలు స్థూలంగా సులభమైనవే. చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరాన ఉన్న గుంటలో వేయాలి. దెబ్బల సంఖ్య ఎంత తక్కువైతే అంత మంచిది. బంతిని మొదట కొట్టే చోటు నుండి గుంట వరకు ఉన్న భాగాన్ని ‘హోలు’ అంటారు. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక ‘గ్రీను’. దారిలోని ఇసుక గొయ్యి ‘బంకరు’. పూర్తి మైదానానికి 18 హోళ్లు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1764లో 22 హోళ్ల ఆటను 18కి తగ్గించినారు; ఆ సంఖ్యే క్రమంగా ప్రపంచమంతటా స్థిరపడింది.

కబడ్డీ బరి జనగామలో గీసినా మహబూబాబాద్‌లో గీసినా ఒకటే. గోల్ఫు మైదానం అట్లా కాదు. ఒకదానిని పోలినది ఇంకొకటి ఉండదు. ఆటగాడు పోరాడేది నేలతోనూ గాలితోనూ కాబట్టి, మైదానాన్ని రూపొందించడం అంటే ప్రత్యర్థిని సృష్టించడమే.

స్కాట్లండులో తొలి మైదానాలను ఎవరూ గీయలేదు. మంచుయుగం ముగిసి, బరువైన మంచు కరిగిపోగా అక్కడి నేల మెల్లగా పైకి లేచింది. పాత సముద్రతీరాలు నీటికి ఎగువన మెట్లవలె మిగిలినవి. గాలి ఇసుకను ఎగురవేసి గుట్టలు పేర్చింది. గడ్డి ఆ గుట్టలను పట్టి నిలిపింది. గొర్రెలు చలిగాలికి ఒదిగి పడుకొన్న పల్లాలలో పచ్చిక పోయి ఇసుక బయటపడింది; అవే బంకర్లకు మూలమని చెబుతారు. సముద్రానికీ సాగుభూమికీ నడుమ ఉండే ఇట్టి ఇసుక నేలకు ‘లింక్సు’ అని పేరు. అక్కడ ప్రతి మిట్టకూ ప్రతి పల్లానికీ ఒక కారణం ఉన్నది. కల్పిత తీరానికి పెట్టవలసిన మొదటి పరీక్ష ఇదే.

తెరమీది మైదానాలు

1984లో నింటెండో సంస్థ విడుదల చేసిన గోల్ఫు ఆటకు ప్రోగ్రాము రాసినవాడు జపాను దేశస్థుడు సతోరు ఇవాతా (1959–2015). 18 హోళ్లు ఆనాటి యంత్రపు స్వల్ప జ్ఞాపకశక్తిలో ఇమడవని ఇతరులు వెనుకాడగా, అతడు సమాచారాన్ని కుదించే సొంత పద్ధతిని కనిపెట్టి ఇమిడ్చినాడు. 2006లో వచ్చిన ‘వీ స్పోర్ట్స్’ అనే ఆటలో ఆ పాత హోళ్లలోనే తొమ్మిదింటిని తిరిగి వాడుకొన్నారు. ఇవాతా మైదానం పైనుండి చూసిన పటం వంటిది. నీలిరంగు నీరు, లేత రంగు ఇసుక, అంతే. అది నిజమైన తీరంవలె లేదని విమర్శించడం చదరంగంలోని ఏనుగుకు తొండం లేదని ఫిర్యాదు చేయడం వంటిది. అది గుర్తుల ఆట. తనది ప్రకృతి చిత్రమని చెప్పుకోలేదు.

1987లో అమెరికాలోని యాక్సెస్ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘వరల్డ్ క్లాస్ లీడర్ బోర్డ్’ అనే ఆటను తెచ్చింది. అందులో సెయింట్ ఆండ్రూస్ వంటి నిజమైన మైదానాలతో పాటు ‘గాంట్‌లెట్’ అనే కల్పిత మైదానం కూడా ఉన్నది. కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్ 2014లో తెచ్చిన ‘ది గోల్ఫ్ క్లబ్’ ఆట ఇంకా ముందుకు పోయి, మైదానాన్ని పుట్టించే పనిని ఆటగాళ్లకే అప్పగించింది. నేలను లేపడం, దించడం, చెట్లు నాటడం, నీరు నింపడం అందులో సాధ్యం. కంప్యూటరే ఒక మైదానాన్ని అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తుంది. ఆటగాడు దానిని దిద్దుకోవచ్చు. 2020 నుండి ‘పీజీఏ టూర్ 2కే’ పేరుతో వస్తున్న ఆటలు ఈ వరుసలోవే. ఇవి గుర్తుల ఆటలు కావు. ప్రకృతిని చూపుతున్నామని చెప్పుకొనేవి. కాబట్టి వీటిని ప్రకృతి కొలతతోనే కొలవాలి.

ఇసుక గుట్ట చెప్పే సాక్ష్యం

కంప్యూటరుకు నేల అంటే అంకెల పట్టిక. ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు గల స్థలంలో మీటరుకు ఒక బిందువు చొప్పున ఎత్తు గుర్తించితే సుమారు పది లక్షల అంకెలు అవుతాయి. అన్ని అంకెలను చేతితో నింపడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకని గణితాన్ని ఆశ్రయిస్తారు. 1980వ దశకంలో అమెరికా దేశస్థుడు కెన్ పెర్లిన్ కనిపెట్టిన పద్ధతి ఇందుకు విరివిగా ఉపయోగపడుతున్నది. యాదృచ్ఛికమైన పెద్ద అలలమీద చిన్న అలలను, వాటిమీద మరీ చిన్న అలలను కలుపుకుంటూ పోతే మిట్టపల్లాల నేల తయారవుతుంది. దూరం నుండి చూస్తే కొండసీమ అని భ్రమ కలుగుతుంది.

ఐతే ఈ పద్ధతిని దిద్దకుండా వాడితే అన్ని దిక్కులూ దానికి సమానమే. సముద్రతీరంలో దిక్కులన్నీ సమానం కావు. గాలి ఇసుక రేణువులను గుట్టమీదికి మెల్లగా ఎక్కిస్తుంది; ఆ వైపు వాలు సాధారణంగా 10 నుండి 15 డిగ్రీలు. శిఖరం దాటిన రేణువులు అవతలి వైపు జారిపడతాయి. అక్కడి వాలు 30 నుండి 34 డిగ్రీలు. గడ్డి పట్టిన తీరపు గుట్టలలో ఈ తేడా కొంత మసకబారుతుంది గాని, గుట్టల వరుసలో గాలి చేతిముద్ర కనిపిస్తూనే ఉంటుంది. ఇసుక గుట్ట అనేది గాలి రాసిన వాఙ్మూలం. దానిని చూసి గాలి ఎటునుండి వచ్చిందో చెప్పవచ్చు.

యాదృచ్ఛికంగా పుట్టిన గుట్టలు ఇట్టి సాక్ష్యం చెప్పలేవు. వాటికి ముందు వెనుకలు లేవు. అవి నిజానికి తీరపు గుట్టలు కావు. గుట్టలకు ఇసుక రంగు పూసినట్టివి. తొందరపడి కల్పించిన తీర మైదానాలలో ముఖ్యమైన లోపం ఇది.

రెండవ లోపం ఇసుక గోడలది. ఆటగానిని భయపెట్టడానికి బంకరు గోడను నిలువుగా చెక్కి వదలివేస్తారు. పొడి ఇసుక అట్లా నిలవదు. ఈ సంగతి తెలుసుకోవడానికి సముద్రం దాకా పోనక్కరలేదు. జనగామలో ఇల్లు కట్టేచోట పోసిన ఇసుకలో పొడిదానిని తీసి, నెమ్మదిగా ఒకేచోట పోస్తే చాలు. కుప్ప అడుగు వెడల్పు 60 సెంటీమీటర్లు ఉన్నప్పుడు ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. 20ని 30తో భాగిస్తే వచ్చే 0.67 అనే విలువకు టాంజెంటు పట్టికలో సుమారు 34 డిగ్రీలు కనిపిస్తుంది. ఇంకా ఇసుక పోసినా కుప్ప పెరుగుతుందే గాని వాలు పెరగదు. తడి ఇసుక సంగతి వేరు; నీటి తలతన్యత రేణువులను కలిపి ఉంచుతుంది కాబట్టే పిల్లలు కట్టే పిచ్చుక గూళ్లు నిలుస్తాయి. స్కాట్లండు బంకర్ల నిలువు గోడలు కూడా ఒట్టి ఇసుకవి కావు. పచ్చిక గడ్డలను ఇటుకలవలె పేర్చి కట్టినవి. ఈ పేర్పును చూపిన రూపశిల్పికి సంగతి తెలిసినట్లు, చూపనివానికి తెలియనట్లు.

ఒక్క బాణపు గుర్తు

గాలి విషయంలో లోపం ఇంకా సూక్ష్మమైనది. చాలా ఆటలలో తెరమీద ఒక బాణపు గుర్తు, పక్కన ఒక అంకె ఉంటాయి, అదే గాలి. తీరపు ఆటకు ప్రాణం గాలి అయినప్పుడు, దానిని ఒక్క బాణంతో సరిపెట్టడం న్యాయమా?

గోల్ఫు బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, ద్రవ్యరాశి 45.93 గ్రాములకు మించరాదు. దాని మీది చిన్న గుంటలు బంతిని అంటిపెట్టుకొన్న గాలి పొరను కల్లోలపరచి, వెనుక ఏర్పడే సుడుల ప్రదేశాన్ని కుదిస్తాయి. నున్నని బంతితో పోల్చితే నిరోధం ఇంచుమించు సగానికి తగ్గుతుంది. కర్ర తగిలినప్పుడు బంతి వెనుకకు తిరుగుతూ బయలుదేరుతుంది. ఆ భ్రమణం బంతిని పైకి ఎత్తుతుంది. ఎడింబరో ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిట్ పందొమ్మిదవ శతాబ్దపు చివరలో ఈ భ్రమణపు ప్రాముఖ్యాన్ని గుర్తించినాడు. ఎలక్ట్రానును కనుగొన్న జె. జె. థామ్సన్ 1910లో గోల్ఫు బంతి గమనంమీద లండనులో ఉపన్యసించినాడు. పెద్ద శాస్త్రజ్ఞులు చిన్న బంతిని చిన్నచూపు చూడలేదు.

గాలి నిరోధం సాపేక్ష వేగపు వర్గాన్ని అనుసరిస్తుందని పాఠశాల లెక్కకు అనుకొందాం. బంతి వేగం సెకండుకు 60 మీటర్లు, గాలి వేగం 10 మీటర్లు. గాలి లేనప్పుడు 60 వర్గం 3600. ఎదురుగాలిలో 70 వర్గం 4900. వెనుకగాలిలో 50 వర్గం 2500. ఎదురుగాలి నిరోధాన్ని 1300 భాగాలు పెంచగా, వెనుకగాలి 1100 భాగాలే తగ్గించింది. గాలి తీసుకొన్నంత తిరిగి ఇవ్వదన్నమాట. పోయేటప్పుడు పోగొట్టుకొన్నది వచ్చేటప్పుడు దక్కుతుందని అనుకొనే ఆటగాడు మోసపోతాడు. మంచి తీర మైదానం ఈ మోసాన్ని తెలిసి వాడుకొంటుంది.

అంతేకాదు, నేల దగ్గర గాలి నెమ్మది. ఎత్తుకు పోయినకొద్దీ వేగం పెరుగుతుంది. ఇంజనీర్లు వాడే ఒక స్థూల సూత్రం ప్రకారం వేగం ఎత్తు యొక్క ఏడవ మూలాన్ని అనుసరిస్తుంది. రెండు మీటర్ల ఎత్తున సెకండుకు 5 మీటర్లు ఉన్న గాలి, ముప్పై మీటర్ల ఎత్తున సుమారు 7.4 మీటర్లు అవుతుంది. గుట్ట చాటున మరీ తక్కువ. కాబట్టి అనుభవం గల ఆటగాడు బంతిని తక్కువ ఎత్తులో పంపి గాలినుండి తప్పించుకొంటాడు. గాలి అంతటా ఒకే అంకె అయినప్పుడు గుట్టలు కంటికి అడ్డమే గాని గాలికి అడ్డం కావు. తీరపు ఆటలోని తెలివి సగం వృథా అవుతుంది.

లీడో కథ

కల్పిత తీరం నిజమైన నేలగా మారిన వింత చరిత్ర ఒకటి ఉన్నది. 1914లో ఇంగ్లండులోని ‘కంట్రీ లైఫ్’ పత్రిక ఒక హోలు నమూనాకు పోటీ పెట్టింది. అందులో గెలిచినవాడు వైద్యవిద్య చదివిన అలిస్టర్ మెకెంజీ. అతడు గీసినది ఏ ఊరిలోనూ లేని తీరపు హోలు. ఒక్కొక్క ఆటగాడు తన శక్తిని బట్టి ఎంచుకొనేటట్లు అందులో పలు దారులు పెట్టినాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అతడు సైన్యానికి స్థావరాలను ప్రకృతిలో కలిసిపోయేటట్లు మరుగుపరిచే విద్యలో పనిచేసినాడు. కృత్రిమాన్ని సహజంవలె కనిపింపజేయడం అతని విద్య అన్నమాట.

అమెరికాలో న్యూయార్కు దగ్గరి లాంగ్ ఐలండు ఒడ్డున చార్లెస్ మక్‌డొనాల్డ్, సేథ్ రేనర్ నిర్మించిన లీడో మైదానంలో ఈ హోలును చేర్చుకొన్నారు. ఆ మైదానం చిత్తడి నేలమీద, సముద్రపు ఇసుకను తోడి పోసి నిర్మించినది. 1942లో నౌకాదళం ఆ స్థలాన్ని తీసుకొన్నది; మైదానం అంతరించింది.

దశాబ్దాల తరువాత షికాగో ప్రాంతానికి చెందిన పీటర్ ఫ్లోరీ పాత ఛాయాచిత్రాలను, పటాలను, వర్ణనలను పోల్చి చూస్తూ, ‘ది గోల్ఫ్ క్లబ్’ ఆటలోని సాధనంతో లీడోను తెరమీద మళ్లీ నిర్మించినాడు. ఆ నమూనాలోని ఎత్తులను, ఉపగ్రహ సంకేతాలతో దారి తెలుసుకొనే బుల్‌డోజర్లకు అందించి, టామ్ డోక్ అనే మైదాన శిల్పి విస్కాన్సిన్ రాష్ట్రంలోని శాండ్ వ్యాలీలో లీడోను నేలమీద పునర్నిర్మించినాడు. 2023లో అది ఆటకు తెరుచుకొన్నది. ఆ చోటు అట్లాంటిక్ సముద్రానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఐతే అక్కడి ఇసుక కొత్తది కాదు. వేల ఏళ్ల కిందటి హిమనదీ సరస్సు మిగిల్చి పోయినది.

దీనినుండి తేలేది ఏమిటి? కంప్యూటరు నమూనా ఆకారాన్ని చక్కగా మోయగలదు. గుట్ట ఎత్తు, బంకరు లోతు, గ్రీను వాలు సముద్రంనుండి మెట్టకు వచ్చినవి. ఉప్పు గాలి, ఆటుపోట్లు, సముద్రం రాలేదు. ఫ్లోరీ పనికి బలం ఎక్కడిది? అతని మైదానంలోని మిట్టపల్లాలకు ఛాయాచిత్రాల సాక్ష్యం ఉన్నది. పూర్తిగా కల్పితమైన మైదానానికి ఛాయాచిత్రం ఉండదు. అక్కడ కారణమే సాక్షి. గాలి ఎటునుండి వచ్చింది, ఇసుక ఎక్కడిది, నీరు ఎంతవరకు లేస్తుంది, ఏ గడ్డి బతుకుతుంది అనే ప్రశ్నలకు జవాబు లేని గుట్ట సాక్షి లేని దస్తావేజు. ఉన్నదానికి నకలు తీసేవానికంటె లేనిదానిని కల్పించేవానికే ప్రకృతి శాస్త్రం ఎక్కువ తెలియవలసి ఉంటుంది.

లీడో ఇంకొక హెచ్చరిక కూడా చేస్తున్నది. తెరమీది అంకె బుల్‌డోజరుకు ఆజ్ఞ అయింది. అంకె తప్పయితే నేలా తప్పవుతుంది. ఆటలో దాని ఖరీదు స్వల్పం. ఇతర కట్టడాలలో స్వల్పం కాదు. భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ బరాజులో 2023 అక్టోబరులో కొన్ని స్తంభాలు కుంగినవి. పునాది కింది ఇసుక కొట్టుకుపోయి ఉండవచ్చునన్నది జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ సూచించిన కారణాలలో ఒకటి. ఇసుక స్వభావాన్ని చిన్ననాడే కుతూహలంతో పరిశీలించే అలవాటు ఈ జిల్లాల పిల్లలకు అక్కరకు వచ్చేదే.

తెలుగు తీరాన్ని కల్పించాలంటే

విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బు 1884 నాటిది. తెలుగు తీరానికి గోల్ఫు కొత్త కాదు. ఐనా విదేశీ ఆటలోని తీరపు అలంకారాన్ని యథాతథంగా తెచ్చి దానికి తెలుగు పేరు పెడితే తెలుగు తీరం కాదు.

విశాఖ తీరం నైరుతినుండి ఈశాన్యానికి సాగుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంది. పగటివేళ సముద్రపు గాలి తీరానికి అడ్డంగా వస్తుంది. కాబట్టి ఒడ్డు వెంట సాగే హోలు వానాకాలంలో ఎదురుగాలికో వెనుకగాలికో గురి అవుతుంది. లోపలికి తిరిగే హోలుకు పక్కగాలి. ఋతువు మారితే మైదానం స్వభావమే మారుతుంది. స్కాట్లండు తూర్పు తీరంలో పెద్ద పోటుకూ ఆటుకూ నడుమ నీటిమట్టపు తేడా నాలుగు మీటర్లకు మించుతుంది. విశాఖ దగ్గర అది సుమారు ఒకటిన్నర మీటర్లే. కాబట్టి ఆటు సమయంలో బయటపడే తడి ఇసుక పట్టీ ఇక్కడ సన్నగా ఉండాలి. గుట్టల వెనుక సరుగుడు, తాడి, జీడిమామిడి తోటలు ఉండాలి. పచ్చికకు గరిక ఉన్నది. వినాయకునికి సమర్పించే ఆ గరిక జాతినే వేడి దేశాల గోల్ఫు మైదానాలలో పెంచుతారు.

మెట్ట జిల్లాల విద్యార్థికి ఇవన్నీ అందని సంగతులు కావు. కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఆ నది యుగాలుగా మోసుకుపోయిన ఇసుకను సముద్రపు అలలు ఉత్తరానికి నెట్టగా, కాకినాడ ముందర పొడవైన ఇసుక తిన్నె ఏర్పడి రేవుకు అడ్డుగోడ అయింది. అంటే భూపాలపల్లి పిల్లలకు తీరం మూలద్రవ్యం తమ ఏటి ఒడ్డుననే కనిపిస్తుంది. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు కట్టమీద నిలబడితే, గాలి నీటిమీద ఎంత దూరం పరుగెత్తితే అల అంత పెరుగుతుందన్న సూత్రం కంటికి కడుతుంది. చెరువులో అల ఏ ఒడ్డును కొడుతున్నదో గమనించినవాడు సముద్రపు ఒడ్డును ఊహించగలడు.

కల్పనకు ఒక మేలు కూడా ఉన్నది. విశాఖకూ భీమునిపట్నానికీ నడుమ ఉన్న ఎర్రమట్టి దిబ్బలు గాలీ నీరూ కలిసి చెక్కిన అపురూపమైన భూమి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ నిజంగా మైదానం కట్టడం అపచారం. తెరమీద కడితే ఒక్క రేణువూ కదలదు. ఒక్క చుక్క నీరూ ఖర్చు కాదు. పైగా దిబ్బల గండ్లు ఎట్లా కోసుకొన్నవో తెలుసుకోకుండా వాటిని గీయడం సాధ్యం కాదు కాబట్టి, గీసినవానికి భూగోళం వచ్చి తీరుతుంది.

తరగతిలో ఇట్టి ప్రయత్నానికి కంప్యూటరు కూడా వెంటనే అక్కరలేదు. చతురస్రాల కాగితంమీద తీరరేఖ గీసి, గాలి దిక్కు నిర్ణయించి, గుట్టలకు ఎత్తులు రాసి, ఆ తరువాతనే గుంటలకు చోటు వెదకాలి. ఈ క్రమం తారుమారు కారాదు. ముందు గుంటలు పెట్టి, వాటికి అనువుగా గుట్టలు పేర్చేవాడు ఆటను సృష్టిస్తాడు గాని తీరాన్ని సృష్టించలేడు. తెరమీది మైదానాన్ని చూసేటప్పుడు కూడా విద్యార్థులు మొదట చూడవలసినది నీలి సముద్రాన్ని కాదు. గుట్ట ఏ వైపు మెల్లగా ఎక్కి, ఏ వైపు జారుతున్నదో చూడాలి. తరువాత గాలి బాణాన్ని చూడాలి. గుట్ట ఒకటి చెబుతూ బాణం ఇంకొకటి చెబుతూ ఉంటే, ఆ మైదానం ఎంత అందంగా ఉన్నా, దానిని రూపొందించినవారు తీరాన్ని ఇంకా చదువుకోలేదనే చెప్పవలసి ఉంటుంది.